ఖరగ్‌పూర్ తెలుగువారి మాటా, తగవూ

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ రైలు కోసం పుట్టిన ఊరు. హౌరా నుంచి 116 కిలోమీటర్లు దిగివస్తే వరిపొలాల బెంగాల్ వెనకబడి ఎర్రమట్టి మెట్ట మొదలవుతుంది. 19వ శతాబ్దం చివరి ఏళ్లలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ తన లైన్లు కలిసే చోటుగా ఆ మెట్టను ఎంచుకుంది. 1899లో కటక్ వైపు దారి తెరుచుకుంది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి కలకత్తాతో నేరుగా కలిసింది. నాగ్‌పూర్ వైపు లైను కూడా ఇక్కడే చీలుతుంది. స్టేషను వెనకే ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు బాగుచేసే పెద్ద వర్క్‌షాపు లేచింది. దాని చుట్టూ క్వార్టర్లు, ఆ క్వార్టర్ల చుట్టూ బస్తీలు వచ్చాయి. ఈ ఊళ్లో తాతముత్తాతల నాటి నుంచి ఉన్నామని చెప్పుకోగలిగినవాళ్లు తక్కువ. బెంగాలీలకూ ఇది వలస వచ్చిన ఊరే.

తెలుగువాళ్లు ఇక్కడికి చేరిన దారి కూడా రైలు వేసిందే. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893 నుంచి 1896 లోపల ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగ్‌పూర్ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో విశాఖపట్నం, గంజాం జిల్లాల పల్లెల పక్కన పట్టాలకూ ఖరగ్‌పూర్ కార్ఖానాకూ యజమాని ఒక్కడే అయ్యాడు. 1896–97 కరువు ఆ జిల్లాలను పిండేసి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కూలికి ఊరు దాటడం అక్కడివాళ్లకు కొత్త కాదు. ఓడెక్కి రంగూన్ పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. ఆ నగరాన్ని ‘రంగం’ అని తమ ఊళ్ల పేర్ల పక్కన ఒక పేరుగా చేర్చుకున్నారు కూడా. సముద్రం దాటనక్కరలేని రెండో రంగం ఖరగ్‌పూర్. పలాస, సోంపేట, టెక్కలి, ఇచ్ఛాపురం వైపుల నుంచి ముందు ఒకడు వచ్చి ఖలాసీగా కుదురుకునేవాడు. ఆ తరవాత తమ్ముడు, బావమరిది, ఊరివాడు వచ్చేవారు. మనిషిని మనిషి లాక్కువచ్చిన వలస కాబట్టి తెలుగుతోపాటు ఊరి కట్టు, కులం కట్టు కూడా రైలెక్కి వచ్చాయి.

అయితే బెంగాల్‌కు తెలుగు పేరు అంతకు చాలా ముందే తెలుసు. 1757లో క్లైవు మద్రాసు వైపు నుంచి తెచ్చిన సిపాయిల్లో తెలుగు జిల్లాలవాళ్లు ఉన్నారు. ఆ తరవాత బెంగాల్, బీహార్‌లలో కంపెనీ సిపాయి ఏ జాతివాడైనా ‘తెలింగా’ అయిపోయాడు. 1857లో తిరగబడ్డ అవధ్ సైనికులను సైతం ఢిల్లీ జనం ‘తిలంగా’లనే పిలిచారు. ఒక భాషవాళ్ల పేరు కాస్తా ఒక ఉద్యోగం పేరుగా మారి, చివరికి ఆ భాషతో సంబంధం లేనివాళ్లకు అంటుకుంది. ఖరగ్‌పూర్‌కు వచ్చేసరికి తెలుగువాడికి దక్కిన పేరు ‘మద్రాసీ’. తమిళుడికీ, మలయాళీకీ అదే పేరు. ఊరంతా ఒకే పేరుతో పిలుస్తుంటే పలాసవాడూ పాలక్కాడ్‌వాడూ ఒకరికొకరు ఏమవుతారో తేల్చుకోవాల్సి వచ్చింది. పెద్దగా ఏమీ కారనే ఇద్దరూ అనుకున్నట్టుంది, ఎవరి గుడి, ఎవరి సంఘం వాళ్లే పెట్టుకున్నారు.

కంపెనీ ఊరిని హోదా ప్రకారం గీసింది. సౌత్ సైడ్ వైపు దొరల బంగళాలు, చెట్లు, వెడల్పు రోడ్లు. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, నింపురా, మథురాకాటి వంటి చోట్ల వరసగా క్వార్టర్లు, మనిషి గ్రేడు ఎంత తక్కువైతే గోడ అంత దగ్గర. ఆటపాటల క్లబ్బులను కూడా యూరోపియన్లకు ఒకటి, ఇండియన్లకు ఒకటిగా పెట్టారు. డ్రైవరు, గార్డు, ఛార్జ్‌మన్ వంటి మెరుగైన ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్లు ఎక్కువ. ఆఫీసు గుమాస్తా కుర్చీల్లో బెంగాలీలు ఎక్కువ. సుత్తి, కొలిమి, పట్టాల పని దగ్గర తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, బీహార్, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చినవాళ్లు కలిసి ఉండేవారు. కాబట్టి తెలుగు కూలీకి ఇంగ్లీషు తిట్టు రూపంలో, బెంగాలీ చిట్టా రూపంలో, హిందీ పక్కవాడి నోట వినిపించేవి. ఏ భాషను ఏ పని కోసం నేర్చుకోవాలో ఆ అమరికే చెప్పేసింది.

పని దగ్గర అందరికీ పనికివచ్చిన మాట హిందీ. అయితే అది బడిలో చెప్పే హిందీ కాదు. ‘హమ్ జాయేగా’ అని మగవాడూ అంటాడు, ఆడమనిషీ అంటుంది, ఒకరైనా పదిమందైనా అదే మాట. ‘గాడీ ఆ గయా’ అనేస్తారు, గాడీ స్త్రీలింగమన్న సంగతి ప్లాట్‌ఫారం మీద ఎవరికీ పట్టదు. దీనికి కారణం చదువు లేకపోవడం మాత్రమే అనుకుంటే పొరపాటు. బెంగాలీ క్రియకు లింగమే లేదు, వచ్చినవాడికీ వచ్చినదానికీ ఒకటే రూపం. ఒడియా కూడా అంతే. తెలుగులో లింగం ఉంది గానీ అది మనుషుల దగ్గరే ఆగిపోతుంది, రైలుకూ రొట్టెకూ ఆడ మగ తేడా లేదు. ఇన్ని భాషలవాళ్లు కలిసి హిందీ మాట్లాడితే ఎవరికీ అక్కరలేని భాగం రాలిపోయింది. కలకత్తా బజారులో ఇలాంటి హిందీనే గమనించి సునీతికుమార్ చటర్జీ 1931లో ఒక వ్యాసం రాశారు. మహారాష్ట్ర–కర్ణాటక సరిహద్దులోని కుప్వార్ అనే ఊళ్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తాళ్లు పేనేవాళ్ల తెలుగు శతాబ్దాలుగా పక్కపక్కన ఉండి, పదాలు వేరుగా ఉన్నా వాక్య నిర్మాణంలో ఒకదానికొకటి దగ్గరైపోయిన తీరును జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో వివరించారు. కుప్వార్‌లో ఎవరి భాషను వాళ్లు ఇంట్లో దాచుకున్నారు. ఖరగ్‌పూర్‌వాళ్లూ ఆ పనే చేశారు. వీధిలో మాత్రం ఎవరిదీ కాని భాషను వాడారు.

ఎవరిదీ కాని భాషకు ఒక సౌకర్యం ఉంది, అందులో మర్యాద మెట్లు తక్కువ. బెంగాలీలో ఎదుటివాడిని తుయ్, తుమి, ఆప్ని అని మూడు మెట్ల మీద పిలవాలి. తెలుగుకు నువ్వు, మీరు రెండే, పైగా శ్రీకాకుళం వైపు పల్లెల్లో తల్లినీ తండ్రినీ ‘నువ్వు’ అనడం తప్పు కాదు. మర్యాదంతా వెనక తగిలించే ‘బావు’, ‘అయ్య’, ‘అమ్మ’లలో ఉంటుంది. ఆ అలవాటుతో తెలుగువాడు బెంగాలీ నేర్చుకుంటే గుమాస్తాబాబును సునాయాసంగా ‘తుమి’ అనేస్తాడు. అనేవాడికి అందులో ఏమీ లేదు, వినేవాడికి చెంపదెబ్బ. ఇటునుంచి చూస్తే, కొడుకు వయసున్న గుమాస్తా ముసలి ఖలాసీని ‘తుయ్’ అంటే దానికి తెలుగులో సరిపోయే మాటే లేదు, అందువల్ల మొదటి తరం వాళ్లకు అది ఎంత తక్కువ పిలుపో అర్థమయ్యేసరికి ఏళ్లు పట్టేది. బ్రిటన్‌లో ఒక విమానాశ్రయం క్యాంటీనులో వడ్డించే దక్షిణాసియా స్త్రీలు ‘గ్రేవీ’ అన్న ఒక్క మాటను కిందికి దించి పలికినందుకు పొగరుబోతులనిపించుకున్న సంగతి గంపర్జ్ రాశారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని ప్రశ్నలా పైకెత్తి అంటారట. అక్కడ గొంతు ఎత్తులో ఉన్న తేడా ఇక్కడ సర్వనామంలో ఉంది. హిందీ ‘తుమ్’ ఈ మూడు మెట్లనూ రెండు మెట్లనూ ఒకే నేలగా చదును చేసింది. అందుకే షెడ్డులో హిందీ నిలిచింది.

తెలియని మాటతో వచ్చే చిక్కు చిన్నది, మళ్లీ అడిగితే తీరుతుంది. తెలిసిందనుకున్న మాటే అసలు గోతి. తెలుగు, బెంగాలీ రెండూ సంస్కృతం నుంచి మూటలు మూటలుగా అప్పు తెచ్చుకున్నాయి, తెచ్చుకున్నాక ఎవరి అవసరానికి వాళ్లు వాడుకున్నాయి. ఈ ‘అవసరం’ అన్న మాటే తీసుకోండి. బెంగాలీలో అది తీరిక, ఉద్యోగ విరమణ కూడా. రైల్వే ఊళ్లో రోజూ వినిపించే మాట అది. ‘శిక్ష’ వాళ్లకు చదువు, తెలుగువాళ్లకు దండన. ‘చేష్ట’ వాళ్లకు ప్రయత్నం. కుర్రాడు చేష్ట చేస్తున్నాడని మేస్టారు మెచ్చుకుంటే తెలుగు తల్లి ఇంటికి తీసుకొచ్చి రెండు తగిలించే ప్రమాదం ఉంది. ‘ఉపన్యాసం’ వాళ్లకు నవల. ‘అనుమానం’ వాళ్లకు అంచనా, అందులో శంక ఏమీ లేదు. దుకాణం లెక్కల దగ్గర ఎవరైనా ‘ఒనుమాన్’ అంటే తెలుగు చెవికి అది నింద.

వీటిలో రెండు మాటలు మరీ ముఖ్యం, ఎందుకంటే అవి తగవు గురించే చెబుతాయి. బెంగాలీలో ‘రాగ్’ అంటే కోపం. ‘రాగ్ కొరో నా’ అంటే కోప్పడకు అని. తెలుగులో రాగం పాటలో ఉంటుంది, ప్రేమలో ఉంటుంది, అనురాగంలో ఉంటుంది. ఇక ‘అభిమానం’. తెలుగువాడికి ఇది ఇష్టం, సినిమా నటుడి మీద ఉండేది, లేదంటే తల వంచనివ్వని ఆత్మగౌరవం. బెంగాలీకి ఇది ఆప్తుల మీద మాత్రమే వచ్చే అలక, నన్ను అర్థం చేసుకోవాల్సినవాడే అర్థం చేసుకోలేదన్న నొప్పి. పరాయివాడి మీద రాగ్ వస్తుంది, సొంతవాడి మీదే ఒభిమాన్ వస్తుంది. అలిగిన బెంగాలీ స్నేహితుడు మాట్లాడడం మానేసి ఎదురుచూస్తాడు, బతిమాలించుకోవాలని. ఆత్మగౌరవం ఉన్న తెలుగు స్నేహితుడు, మాట్లాడనివాడి గుమ్మం తొక్కనని తనూ ఆగిపోతాడు. ఇద్దరూ అభిమానమే చూపిస్తుంటారు. రెండు వైపులా తెలిసిన మూడోవాడు ఎవరైనా మధ్యలోకి రాకపోతే ఆ మౌనం ఎంతకాలమైనా సాగుతుంది. తెలుగులోనూ అలక ఉంది, పెళ్లిలో అల్లుడు అలకపాన్పు ఎక్కుతాడు. కానీ ఆ మాటకూ అభిమానానికీ మధ్య బెంగాలీలో ఉన్నంత చుట్టరికం తెలుగులో లేదు.

వరసల దగ్గరా ఇదే కథ. ‘మామ’ రెండు భాషల్లోనూ మేనమామే. తెలుగులో ఆయన కూతురు పెళ్లాం కాగల పిల్ల, అందుకే ఆయనే పిల్లనిచ్చిన మామ కూడా. బెంగాలీ హిందువుల ఇంట్లో మేనమామ కూతురు చెల్లెలు, ఆ పెళ్లి ఊహకే అందనిది. తెలుగువాళ్ల క్వార్టర్లలో బావా మరదళ్లు బాహాటంగా ఆడుకునే సరసపు మాటలు పక్కింటి బెంగాలీలకు వింతగానో రోతగానో తోచేవి. అక్కకూతురిని పెళ్లాడినవాడి సంగతి వింటే ఇక చెప్పనక్కర్లేదు. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధపు పెళ్లిళ్లను నిషేధిస్తూనే ఆచారం ఒప్పుకున్నచోట మినహాయింపు ఇచ్చింది, అంటే ఒకే చట్టం కింద ఒకే గోడకు అటు తప్పు, ఇటు ఒప్పు. మరోవైపు బెంగాలీలు పేరుకు ‘దా’ చేర్చి ఎవరినైనా అన్నగా చేసుకుంటారు, నాయుడు ‘నాయుడు-దా’ అవుతాడు. తెలుగువాడి చెవిలో ‘దాదా’ అంటే వీధి రౌడీ. ‘బాబు’ బెంగాలీలో పెద్దమనిషి, తెలుగులో చంటిపిల్లాడు, ఉత్తరాంధ్ర పాలేరు నోట భూస్వామి కూడా. ఇంటిపేరు ముందు పెట్టుకునే తెలుగు పద్ధతి రిజిస్టరు గుమాస్తాలకు ఎక్కలేదు. చివర ఉన్నదే వంశనామం అనుకుని ‘రావు’ను పట్టుకున్నారు. దాంతో ఒకరికొకరు ఏమీ కాని రావులంతా కాగితం మీద ఒక కుటుంబం అయ్యారు. మూడో తరం వచ్చేసరికి పిల్లలే ఆ రావును ఇంటిపేరుగా ఒప్పేసుకున్నారు.

ఇంత అపార్థానికి తావున్న ఊళ్లో పెద్ద కొట్లాట భాషల మధ్య రాలేదు. అది 1927లో కంపెనీకీ కార్మికులకూ మధ్య వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తరవాత ధరలు పెరిగాయి, జీతాలు వాటిని అందుకోలేదు. ఖర్చు తగ్గించాలన్న ఇంచ్‌కేప్ కమిటీ నివేదిక 1923లో వచ్చింది. రైల్వేలన్నీ మనుషులను తీసెయ్యడం మొదలెట్టాయి. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సమ్మెకు దిగింది, అది లైను పొడుగునా పాకి మార్చి దాకా నడిచింది. సెప్టెంబరులో మళ్లీ మొదలైన తగాదా డిసెంబరు దాకా సాగింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇండియన్ లేబర్ యూనియన్‌ను నడిపినవాడు వరాహగిరి వెంకటగిరి. 1894లో బరంపురంలో పుట్టిన తెలుగువాడు, డబ్లిన్‌లో లా చదువుకుని ఐర్లండు తిరుగుబాటు గాలి పీల్చి వచ్చినవాడు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. ఆంగ్లేయుడైన సి.ఎఫ్. ఆండ్రూస్ కూడా ఈ సమ్మె విషయంలో కార్మికుల పక్షాన నిలిచాడు.

ఆ సమ్మెలో అతి చేదైన ఘట్టం ఆగ్జిలరీ ఫోర్సుది. రైల్వేలో చేరిన యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు ఆ స్వచ్ఛంద దళంలో పనిచేయడం ఉద్యోగపు షరతుల్లో ఒకటి. పేరుకే స్వచ్ఛందం. పొద్దున షెడ్డులో ఛార్జ్‌మన్‌గా నిలబడ్డవాడే సాయంత్రం తుపాకీ పట్టుకుని తన కింది మనిషికి ఎదురు నిలబడ్డాడు. కార్మికులు గాయపడ్డారు, వ్యవహారం ఢిల్లీలోని కేంద్ర శాసనసభ దాకా పోయింది. ఖరగ్‌పూర్‌లో తరతరాలు గుర్తుపెట్టుకోదగ్గ చీలిక ఇది. దీన్ని జాతి చీలిక అనేస్తే సులువుగానే ఉంటుంది గానీ, జాతిని బట్టి హోదా, హోదాను బట్టి ఇల్లు, ఇంటితోపాటు తుపాకీ పంచిపెట్టింది కంపెనీ. ఆంగ్లో ఇండియన్ ఫైర్‌మన్‌కు అందులో ఎంచుకునే వీలు పెద్దగా లేదు. సమ్మె ఉద్యోగాల కోతను ఆపలేకపోయింది. కానీ తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా మాట్లాడేవాళ్లు నెలల తరబడి ఒక్క మాట మీద నిలబడ్డారు. గేటు దగ్గర ఏ భాషలో అన్నా సమ్మె అన్నది అందరికీ ఒకేలా అర్థమయ్యింది.

పోలికకు రంగూన్‌ను చూడాలి. అదే తీరం నుంచి అదే కరువు తరిమిన తెలుగు కూలీలు అక్కడి రేవులో మూటలు మోశారు. 1930 మేలో వాళ్లు జీతం కోసం సమ్మె చేస్తే యజమానులు బర్మీయులను పెట్టుకున్నారు. తరవాత తెలుగువాళ్లతో రాజీపడి బర్మీయులను పొమ్మన్నారు. ఆ నెల 26న మొదలైన దొమ్మీలో వందకు పైగా మనుషులు చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లే. రంగూన్ తెలుగువాడికీ ఖరగ్‌పూర్ తెలుగువాడికీ సంస్కృతిలో తేడా ఏమీ లేదు, అన్నదమ్ముల్లో ఒకడు అటు, ఒకడు ఇటు పోయిన ఇళ్లు కూడా ఉండకపోవు. తేడా పని పంచిన పద్ధతిలో ఉంది. రేవులో మేస్త్రీ కింద ఒక భాష ముఠా మొత్తం ఒక పనికి కట్టుబడేది, దాన్ని తీసేస్తే ఇంకో భాష ముఠా వచ్చేది. వర్క్‌షాపులో ఒకే బోగీ కింద నాలుగు భాషలవాళ్లు చేతులు పెట్టేవారు. ఒకడిని తీసి ఇంకొకడిని పెట్టడం యజమానికి అంత తేలిక కాలేదు.

గిరి ఖరగ్‌పూర్‌లో నేర్చుకున్న పాఠాన్ని ఢిల్లీకి పట్టుకుపోయాడు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక, పారిశ్రామిక తగాదాలను ట్రిబ్యునళ్లకు అప్పగించే బదులు యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని పట్టుబట్టాడు. ‘గిరి పంథా’గా పేరుపడ్డ ఆ వాదన ప్రభుత్వానికి రుచించలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చడంతో ఆయన రాజీనామా చేశాడు. 1969లో రాష్ట్రపతి అయ్యాడు. 1974 మే 8న దేశమంతటా రైళ్లు ఆగిపోయి, ఖరగ్‌పూర్ మళ్లీ సమ్మెకు గట్టి కోటగా నిలిచినప్పుడు, ఆ సమ్మెను అరెస్టులతో, తొలగింపులతో అణిచేసి 27న విరమింపజేసిన ప్రభుత్వం ఎవరి పేరు మీద నడుస్తోందని అడిగితే జవాబు గిరి పేరే. ఆయన ఆగస్టు దాకా ఆ పదవిలో ఉన్నాడు. రాజ్యాంగం ప్రకారం ఆయన చేయగలిగింది ఎంతో లేదు. ముసలి రైల్వే కార్మికులకు మాత్రం ఆ సంగతి తలచుకోవడం కష్టంగానే ఉండి ఉంటుంది.

యూనియన్ దాకా వెళ్లని తగవులు బస్తీలోనే తీరేవి. కుళాయి దగ్గర వరస, మురుగుకాలువ, చీటీపాట ఎగ్గొట్టడం, ఎండుచేపలు వేయించిన వాసన ఒక వైపు, ఆవనూనె కాగిన ఘాటు ఇంకో వైపు. తెలుగువాళ్ల లోపలి గొడవకు ఊరి పద్ధతిలో పెద్దమనుషులు కూర్చునేవారు. గొడవ భాష దాటితే రెండు వైపులా పరపతి ఉన్నవాడు కావాలి. అతను చాలాసార్లు యూనియన్ మనిషి, లేదంటే పార్టీ మనిషి. ఖరగ్‌పూర్ రాజకీయాల్లో ఇలాంటి మధ్యవర్తికి ఉన్న విలువ ఎంతో ఒక్క ఉదాహరణ చాలు. ‘చాచా’ అని ఊరంతా పిలిచిన జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్ పదిసార్లు శాసనసభకు గెలిచాడు. ఆయన సిక్కు. ఊళ్లోని పెద్ద భాషా సమూహాలు వేటికీ చెందనివాడు కావడం ఆయనకు లోటు కాకపోగా కలిసొచ్చిందనుకోవాలి. 2016లో దిలీప్ ఘోష్ చేతిలో ఓడాడు, మరుసటి ఏడు కన్నుమూశాడు.

పండుగలు భాషల మధ్య హద్దును చెరపలేదు, దాటే రోజులను నిర్ణయించాయి. విశ్వకర్మ పూజ నాడు యంత్రాలకు బొట్టు పెట్టే చేతులకు భాష లేదు. దసరాకు బెంగాలీలు దుర్గను నిలబెడితే, హిందీవాళ్లు మైదానంలో రావణుడిని తగలబెడతారు, తెలుగువాళ్లు రెండూ చూసి వస్తారు. తెలుగువాళ్ల సొంత పండుగ ఎండలు ముదిరే వేళ జరిగే మాతా పూజ. బస్తీకో అమ్మవారు, నెత్తిన ఘటాలు, పసుపు నీళ్లు, డప్పులు. ఉత్తరాంధ్రలో గ్రామదేవత సంబరాన్ని చూసినవాళ్లకు అందులో కొత్తేమీ కనిపించదు. అయితే ఊళ్లో ఆ దేవత నూకాలమ్మో, పైడితల్లో, అసిరితల్లో, పేరుపేరునా ఒక ఊరికి కట్టుబడి ఉంటుంది. ఖరగ్‌పూర్‌లో పదూళ్లవాళ్లు ఒక బస్తీలో చేరాక ఏ ఊరి అమ్మను నిలబెట్టాలన్న ప్రశ్న వస్తుంది. బెంగాల్‌లో అందరికీ తెలిసిన శీతలా మాత ఆ చిక్కు విప్పింది. మశూచి తల్లి కాబట్టి పని అదే, పేరు పొరుగువారికి అర్థమయ్యేది. ‘మాత’ అన్న మాటలో ఎవరి అమ్మ వాళ్లకు కనిపిస్తుంది.

రైల్వే కంపెనీ 1944లో ప్రభుత్వపరమైంది. 1955లో ఖరగ్‌పూర్ ఆగ్నేయ రైల్వే కింద చేరింది. వాల్తేరు డివిజను కూడా ఆ జోన్‌లోనే ఉన్నంతకాలం శ్రీకాకుళానికీ ఖరగ్‌పూర్‌కూ బదిలీల బంధం ఉండేది. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే విడిపోయి వాల్తేరు అటు వెళ్లింది. అప్పటికే ఆవిరి ఇంజన్లు పోయాయి, కొడుక్కి తండ్రి షెడ్డులో చోటు దొరికే రోజులు పోయాయి, పోటీ పరీక్షలు వచ్చాయి. ఉద్యోగం పోయిన ఇంటికి క్వార్టరూ పోతుంది. విరమించినవాడు శ్రీకాకుళంలో తాను ఎరగని పల్లెకు పోలేక రైల్వే స్థలం అంచున గది వేసుకుంటాడు, దాంతో నీళ్లకూ కరెంటుకూ రైల్వేతో కొత్త తగవు. పట్టణ పురపాలక సంఘం 1954లోనే ఏర్పడినా రైల్వే ప్రాంతం దానికి బయటే ఉంటూ వచ్చింది. 2001 జనాభా లెక్కల్లో కూడా సెటిల్‌మెంటును విడి పట్టణంగానే లెక్కించారు.

భాష మాట అటుంచితే, రాష్ట్రం దాటినప్పుడు కులం అర్థం కూడా మారిపోయింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు జాబితాలో ఉన్నవాడు ఇంకో రాష్ట్రానికి వలస పోతే ఆ హోదా వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆంధ్రలో ఎస్టీ అయిన విద్యార్థి బొంబాయి వైద్య కళాశాలలో సీటు అడిగిన కేసు అది. ఆ తీర్పు నీడ ఖరగ్‌పూర్ తెలుగు బస్తీల మీదా పడింది. ఆంధ్రలో వెనకబడిన కులంగా నమోదైన తూర్పు కాపు వంటి పేర్లను బెంగాల్ కార్యాలయంలో చెబితే, ఆ మాటలు అక్కడి జాబితాలో ఉండవు. తాత వలస వచ్చిన ఏడాదికి కాగితం చూపించమంటారు. ఆయన చేతిలో ఉన్నది రైల్వే పాసు మాత్రమే.

తెలుగు బడులు పాతవే. మాధ్యమిక్ పరీక్షకు తెలుగును ప్రథమ భాషగా తీసుకునే వీలు పశ్చిమ బెంగాల్ బోర్డులో ఉంది. అయినా ఆ బడుల్లో పిల్లలు తగ్గుతున్నారు, తల్లిదండ్రులు ఇంగ్లీషు, హిందీ వైపు చూస్తున్నారు. ఇళ్లలో తెలుగు నిలిచింది, తాతలు వచ్చిన కాలపు తెలుగు. ‘ఏటి’, ‘నాను’, ‘గుంటడు’ వంటి మాటలను సినిమాలూ పత్రికలూ పలచన చేస్తున్న ఈ రోజుల్లో మథురాకాటి ముసలమ్మ నోట అవి చెక్కుచెదరకుండా వినిపిస్తాయి. ఆమె మనవడు తెలుగు క్రియలకు బెంగాలీ నామాలు తగిలించి మాట్లాడతాడు. రాయమంటే దేవనాగరిలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాస్తాడు.

ఎన్నికలప్పుడు మాత్రం తెలుగు లిపి గోడలకెక్కుతుంది, ఏ పార్టీ అయినా సరే. తెలుగును అధికార భాషల్లో చేర్చాలన్న కోరిక చాలాకాలం ఆ గోడల దాకానే ఆగింది. 1961 నాటి పశ్చిమ బెంగాల్ అధికార భాషా చట్టాన్ని 2012లో సవరించి, మాట్లాడేవాళ్లు పది శాతం దాటిన చోట్ల హిందీ, ఉర్దూ, ఒడియా, సంతాలీ, పంజాబీలకు చోటిచ్చారు. తెలుగు ఆ జాబితాలో లేదు. 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలు కొద్ది నెలల దూరంలో ఉండగా, రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు ఆ హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు వచ్చి అప్పటికి నూటపాతికేళ్లు కావస్తోంది. అర్జీని తెలుగులో రాసి ఇవ్వవచ్చు. దాన్ని చదివే గుమాస్తా కిటికీ అవతల దొరకాలి, రాసే కుర్రాడు ఇవతల దొరకాలి.